ఇస్త్రీపెట్టె ఇక్కడే వదిలేయండి, మిక్సీ మాత్రం పట్టుకెళ్లండి

జులై వచ్చిందంటే తిరుపతి అంగళ్లలో ఒక రకం బేరం మొదలవుతుంది. అమెరికాలో ఆగస్టు చివర్లో కాలేజీలు తెరుస్తారు కదా, గాంధీ రోడ్డు పొడుగునా పెద్ద సూట్‌కేసులు, మూడు లీటర్ల కుక్కర్లు, పోపులపెట్టెలు కొనే కుటుంబాలు కనబడతాయి. అమ్మ చేతిలో పొడవాటి చీటీ ఉంటుంది. నాన్న బేరమాడుతుంటాడు. వెళ్లాల్సిన పిల్లోడు ఫోన్ చూసుకుంటూ వెనకాల నడుస్తుంటాడు. ఆ చీటీలో కరెంటు సామాను నాలుగైదు రకాలైనా ఉంటుంది: ఇస్త్రీపెట్టె, కెటిల్, రైస్ కుక్కర్, మిక్సీ, ఆడపిల్లయితే హెయిర్ డ్రయర్. పీలేరు, మదనపల్లె, రాయచోటి వైపు నుంచి కువైట్ పోయేవాళ్ల చీటీలు వేరే. వాటికి జులై, ఆగస్టు అని లేదు, వీసా ఎప్పుడొస్తే అప్పుడే.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా బైరాగిపట్టెడలో ఎవరు విదేశం పోతున్నా పెట్టె మూసేముందు ఒకసారి మా ఇంటికి వస్తారు. వచ్చి అడిగేది ఒకటే: "సార్, ఇది ఆడ పని చేస్తాదా?"

నా మాట ముందే చెప్పేస్తాను. వేడి పుట్టించే వస్తువు ఏదైనా సరే ఇక్కడే వదిలేయండి. చార్జర్లు నిశ్చింతగా పట్టుకెళ్లండి. మోటారు ఉన్నవాటిలో మిక్సీని తప్పకుండా తీసుకెళ్లండి, అయితే పోయే దేశపు వోల్టేజీకి తయారైనదాన్నే తీసుకెళ్లండి. ఈ మాట ఇద్దరికీ నచ్చదు. "అక్కడ అన్నీ డాలర్లలో కొనాలి, ఇక్కడ చవగ్గా దొరికేది వదిలేస్తారా" అని పెద్దవాళ్లు అంటారు. "అమెజాన్‌లో అన్నీ దొరుకుతాయి మావయ్యా, ఇంకా మిక్సీ మోసుకుపోవడం ఏంటి" అని అక్కడ నాలుగేళ్లు ఉండొచ్చినవాళ్లు నవ్వుతారు. ఇద్దరూ ధర దగ్గరే ఆగిపోతున్నారు. ఆ వస్తువు కరెంటుతో ఏం పని చేయిస్తుందో చూసి తేల్చాల్సిన సంగతి ఇది.

ముందు దేశాల లెక్క. మన ఇళ్లకొచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. హెర్ట్జ్ అంటే ఫ్రీక్వెన్సీ లెక్క, కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో చెప్పేది. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియా, సింగపూర్‌లలోనూ అంతే. కువైట్‌లో 240, 50. అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఎడిసన్ 1882లో న్యూయార్క్‌లో కరెంటు అమ్మడం మొదలుపెట్టినప్పుడు తన బల్బులకి 110 వోల్టుల చుట్టూ పెట్టుకున్నాడు, ఆ దేశం ఆ దారిలోనే పోయింది. జపాన్‌ది ఇంకా వింత. వోల్టేజీ 100, అదీ తూర్పున టోక్యో వైపు 50 హెర్ట్జ్, పడమర ఒసాకా వైపు 60. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో టోక్యోవాళ్లు జనరేటర్లు జర్మనీ నుంచి, ఒసాకావాళ్లు అమెరికా నుంచి తెప్పించుకున్నారు. ఆ తేడా ఇప్పటికీ సర్దుకోలేదు. సౌదీలో వోల్టేజీ మనకి దగ్గరగానే ఉంటుంది గానీ ఫ్రీక్వెన్సీ 60. అక్కడి పాత ఇళ్లలో 127 వోల్టుల సాకెట్లు కూడా ఉంటాయి, చూసి గుచ్చాలి.

చార్జర్ల సంగతి రెండు మాటల్లో అయిపోతుంది. ఫోన్ చార్జరో లాప్‌టాప్ అడాప్టరో తిరగేసి చూడండి. సన్నటి అక్షరాల్లో 'ఇన్‌పుట్ 100-240' అనీ, పక్కనే '50/60' అనీ ఉంటుంది. ట్రిమ్మర్ల చార్జర్లకీ చాలావాటికి ఇదే ఉంటుంది. లోపలి సర్క్యూట్ వచ్చిన కరెంటుని ముందు డీసీగా, అంటే ఒకే దిక్కున పారే కరెంటుగా మార్చేసుకుని, ఆ తర్వాత తనకి కావలసినట్టు మలుచుకుంటుంది. అందుకే ఎంత వోల్టేజీ, ఎన్ని హెర్ట్జ్ అని దానికి పట్టింపు లేదు. పిన్నుల ఆకారం మార్చే అడాప్టర్ ఒకటి కొనుక్కుంటే చాలు.

ఆ అడాప్టర్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. రైల్వే స్టేషన్ ఎదురుగా కూడా అమ్మే తెల్లటి 'యూనివర్సల్ అడాప్టర్' పిన్నుల ఆకారం మారుస్తుంది, అంతే. వోల్టేజీని వీసమెత్తు మార్చదు. "స్టెబిలైజర్ పెడితే సరిపోదా సార్" అని ఇంకొందరు. ఎండాకాలంలో మనకి వోల్టేజీ పడిపోతుంటుంది కాబట్టి ఏసీకీ ఫ్రిజ్జుకీ స్టెబిలైజర్ అలవాటే. అది 230కి కాస్త అటూ ఇటూ ఊగేదాన్ని సర్దుతుంది గానీ 120ని తెచ్చి 230 చేసే పని దానిది కాదు.

ఇక వేడి సామాను. మన 1500 వాట్ల కెటిల్‌ని అడాప్టర్‌తో అమెరికా సాకెట్లో గుచ్చితే పేలదు, కాలదు. మెల్లగా, చాలా మెల్లగా వేడెక్కుతుంది. వోల్టేజీ సగమైతే వాట్లు సగం కావు, పావు వంతుకి పడిపోతాయి. వోల్టేజీ వర్గాన్ని, అంటే వోల్టేజీని వోల్టేజీతోనే గుణించగా వచ్చేదాన్ని బట్టి వాట్లు నడుస్తాయి కాబట్టి 1500 కాస్తా 400 చిల్లరకి దిగుతుంది. లీటరు నీళ్లు ఇక్కడ మూడున్నర నిమిషాల్లో కాగితే అక్కడ పదమూడు నిమిషాలు, పైగా గాలికి పోయే వేడి కలిపితే ఇంకా ఎక్కువే. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె 270 వాట్లకి దిగిపోతే నూలు చొక్కా మడత కూడా లొంగదు. అలాంటి ఇస్త్రీపెట్టె కోసం పెట్టెలో కిలోకి పైగా బరువు వదులుకోవడం ఎందుకు? అమెరికా టికెట్టుకి మామూలుగా 23 కిలోల పెట్టెలు రెండే ఇస్తారు. ఆ కిలోలో మీ అమ్మ చేసిన కందిపొడి పడుతుంది.

రైస్ కుక్కరూ అంతే. ఆటోమేటిక్ రైస్ కుక్కర్ పుట్టిందే జపాన్‌లో, 1955లో తోషిబా అమ్మకానికి పెట్టింది. ఇప్పుడు అన్నం తినే జనం ఉన్న ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది. బ్రిటన్, కువైట్ లాంటి చోట్ల మన కెటిల్ పూర్తి బలంతోనే పని చేస్తుంది, కాదనను. కానీ అక్కడ అవి మనూళ్లో కంటే పెద్ద ఖరీదేం కాదు, ప్లగ్గు కూడా అక్కడి గోడకి సరిపోయేదే వస్తుంది. చివరికి చెప్పొచ్చేదేమిటంటే నీళ్లు కాచడం, బట్ట ఇస్త్రీ చేయడం, జుట్టు ఆరబెట్టడం ప్రపంచమంతా ఒకేలా చేసే పనులు. వాటికి అక్కడి సామాను చాలు.

కానీ శెనక్కాయల ఊరిబిండి ప్రపంచమంతా చేయరు.

మిక్సీ మీద నా పట్టుదలకి కారణం ఇదే. దీన్ని చాదస్తం అనేవాళ్లు ఒకసారి రెండు జార్లనీ పక్కపక్కన పెట్టి చూడాలి. అక్కడ దొరికే మామూలు బ్లెండర్ జారు పొడుగ్గా ఉంటుంది, పైకెళ్లేకొద్దీ వెడల్పు. లోపలి బ్లేడు రెక్కలు పైకీ కిందకీ వంగి ఉంటాయి. పళ్లూ పాలూ పోస్తే సుడి తిరిగి అంతా కిందికి లాగబడి మెత్తగా అవుతుంది. ఆ సుడి తిరగాలంటే నీళ్లుండాలి. మన ఊరిబిండికి నీళ్లేవి? వేయించిన శెనక్కాయలు, పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు, ఉప్పు, ఒకట్రెండు చెంచాల నీళ్లు. బ్లెండర్లో వేస్తే అడుగున రెండు చుట్లు తిరిగి, మిగతాది గోడలకి అతుక్కుని కూర్చుంటుంది. గరిటతో కిందికి తోయాలి, మళ్లీ తిప్పాలి, మళ్లీ తోయాలి. విసుగొచ్చి నీళ్లు పోస్తారు, అప్పుడది సంగటిలోకి పనికిరాదు. మన చట్నీ జారు చిన్నది, అడుగు వెడల్పు, బ్లేడు అడుగుకి ఆనుకుని ఉంటుంది. గుప్పెడు ధనియాలైనా, నాలుగు ఎండుమిరపకాయలైనా దాని వాత పడకుండా పోవు. అక్కడి ఖరీదైన పెద్ద బ్లెండర్లు దోసెపిండి రుబ్బగలవు, ఒప్పుకుంటాను. గుప్పెడు ధనియాలు పొడి చేయమంటే అవీ దిక్కులు చూస్తాయి.

ఈ తగువు కొత్తదీ కాదు. 1960ల్లో బొంబాయిలో మాధురీ మాథుర్ అనే ఆవిడ ఇంట్లో జర్మనీ బ్రాన్ మిక్సర్ మన వంటల పప్పులు రుబ్బలేక కాలిపోయింది. ఆవిడ భర్త సత్యప్రకాశ్ మాథుర్ సీమెన్స్‌లో ఇంజనీరు. మన రుబ్బుడికి తట్టుకునే మోటారుతో ఆయన తయారు చేసిందే సుమీత్ మిక్సీ. ఒక తరం పాటు మన పెళ్లిళ్లలో కానుకగా తిరిగింది అదే. మంచి ఇంజనీరింగ్ చేతగాక జర్మనీవాళ్ల మిక్సర్ ఓడిపోలేదు. వాళ్ల వంటింట్లో ఆ పనే లేదు. అరవై ఏళ్ల తర్వాత అదే బ్లెండర్‌ని మన పిల్లలకి చూపించి 'సర్దుకుపో' అనడం నాకు సబబుగా కనిపించదు.

అయితే ఇంట్లో ఉన్న మిక్సీనే పెట్టెలో పడేయకండి. మిక్సీ అడుగు తిరగేస్తే చిన్న రేకు మీదో స్టిక్కర్ మీదో రాసి ఉంటుంది: 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 750 వాట్లు, 30 నిమిషాల రేటింగ్. పక్కనే ఎర్ర బటన్ ఉంటుంది, మోటారు మీద బరువు ఎక్కువైతే అది తన్నేసి కరెంటు ఆపుతుంది. మిక్సీలో ఉండేది కార్బన్ బ్రష్షులున్న యూనివర్సల్ మోటారు. దానికి ఫ్రీక్వెన్సీతో పని లేదు, 50 అయినా 60 అయినా తిరుగుతుంది. కావలసింది వోల్టేజీయే. 120 వోల్టుల మీద ఖాళీ జారుతో పెడితే నీరసంగానైనా తిరుగుతుంది, 'అబ్బ, పని చేస్తోందే' అనిపిస్తుంది. నానబెట్టిన పప్పు వేయగానే మొరాయించి ఊరికే గుయ్‌మంటూ వేడెక్కుతుంది. కాసేపు అలాగే వదిలేస్తే కాలిన వార్నిష్ వాసన.

దీనికి మనవాళ్లు వెతికే మందు వోల్టేజీ పెంచే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్. 750 వాట్ల మిక్సీ మొదట తిరిగేటప్పుడూ, గట్టి పిండి పడినప్పుడూ లాగే కరెంటు రాసిన దానికంటే ఎక్కువ కాబట్టి 1500 వాట్లకి తగ్గని ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అంటే కిలోల కొద్దీ ఇనుము, రాగి. ఆఫ్ చేయడం మరిచిపోతే పని లేకపోయినా సన్నగా మూలుగుతూ కరెంటు తింటుంటుంది. 'వోల్టేజ్ కన్వర్టర్' అని అరచేతిలో పట్టేంత తేలిక పెట్టె ఒకటి అమ్ముతారు, దాని జోలికి అసలు పోవద్దు. కరెంటు తరంగాన్ని ముక్కలు కోసి పంపే ఆ రకం హెయిర్ డ్రయర్ లాంటి వేడి సామానుకే, మోటారుకి పనికిరాదు. అమెరికా ఇళ్లలో బట్టలారబెట్టే మెషీన్‌కీ పెద్ద స్టవ్‌కీ 240 వోల్టుల లైను ఉంటుంది, 'దానికి కలిపేస్తే పోలా' అన్నాడొక ఇంజనీరింగ్ కుర్రాడు. అద్దె ఇంట్లో ఎవరి వైరింగో విప్పి ఊరిబిండి కోసం అగ్గి పెట్టుకోవద్దు నాయనా అన్నాను.

తేలికైన దారి ఉండనే ఉంది. మన కంపెనీలే అమెరికా, కెనడాల కోసం 110 వోల్టుల మిక్సీలు చేస్తాయి, 110 అని రాసినా అవి అక్కడి 120కి పనికొచ్చేవే. ప్రీతివాళ్లవి చాలాకాలంగా ఉన్నాయి. తిరుపతిలో అన్ని అంగళ్లలో సరుకుండదు, ముందుగా చెప్పి తెప్పించుకోవాలి, లేదా విమానమెక్కేది ఎలాగూ చెన్నైలోనే కాబట్టి అక్కడ కొనుక్కోవచ్చు. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: అంగట్లో టెస్ట్ చేయించకండి! మిక్సీ అమ్మేముందు ప్లగ్గులో పెట్టి ఒకసారి గిర్రున తిప్పి చూపించడం మన అంగళ్లలో మర్యాద. 110 వోల్టుల మిక్సీకి ఆ మర్యాద చేస్తే అక్కడే ప్రాణం పోతుంది. దాని బల్లపరుపు పిన్నులు మన మామూలు సాకెట్లో పట్టవు, నిజమే. కానీ ఇప్పుడు అందరి కౌంటర్ల కింద ఉండే ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో ఏ దేశపు పిన్నయినా దూరే కంతలున్నాయి. టెస్ట్ చేయాల్సిందే అంటే వోల్టేజీ తగ్గించే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న అంగట్లోనే చేయించండి.

మిక్సీతోపాటు మూడు చిన్న వస్తువులు కొనండి: రెండు కప్లర్లు, జార్లకి రబ్బరు వాషర్లు, ఒక జత కార్బన్ బ్రష్షులు. కప్లర్ అంటే జారు అడుగున పళ్లచక్రంలా ఉండి మోటారుతో కలిసేది. జారు సరిగా కూర్చోకముందే స్విచ్ తిప్పితే మొదట అరిగేది అదే. తిరుపతిలో టీ నీళ్ల ఖర్చుతో పోతుంది, అక్కడ ఆ ముక్క దొరక్క మొత్తం మిక్సీ మూలపడుతుంది. ఎటు తిప్పితే ఊడుతుందో అంగట్లోనే ఒకసారి చేయించి చూసుకోండి. గ్యారంటీ ఆ దేశంలో చెల్లుతుందో లేదో బిల్లు రాయించేటప్పుడే అడగండి. బ్లేడున్న జార్లు చేతి సామానులో పెట్టకండి, సెక్యూరిటీలో లాగేస్తారు. చెకిన్ పెట్టెలోనే వెళ్లాలి.

వెట్ గ్రైండర్ విషయంలో ఇంత గట్టిగా చెప్పలేను. దానిలో ఉండేది ఇండక్షన్ మోటారు, దానికి వోల్టేజీ ఒక్కటీ చాలదు, ఫ్రీక్వెన్సీ కూడా కుదరాలి. నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న మోటారు 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 1500 చుట్లకి కాస్త లోపుగా తిరుగుతుంది, 60 మీద 1800కి లోపుగా. అందువల్ల సౌదీ తీసుకెళ్లిన మన గ్రైండర్ అయిదోవంతు వేగం ఎక్కువ తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చలేదు, కాబట్టి అమెరికాలోనూ అదే గొడవ. కోయంబత్తూరు కంపెనీలు 110 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసిన గ్రైండర్లు అమ్ముతున్నాయి. రాళ్ల బరువు చూసుకోండి మరి. పెళ్లయి కాపురం పెట్టబోయేవాళ్లకి సరే, చదువుకోవడానికి పోయే పిల్లోడికి గ్రైండర్ ఎందుకు? వారానికోసారి ఇడ్లీపిండి మిక్సీలోనే వేసుకుంటాడు.

కువైట్ పోయే అక్కచెల్లెళ్లకి ఈ టెన్షన్ ఏదీ లేదు. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ రెండూ కుదురుతాయి, ఇంట్లో వాడుతున్న మిక్సీనే పట్టుకెళ్లొచ్చు. అక్కడివి బ్రిటన్ తరహా సాకెట్లు, మూడు పలక పిన్నులవి. మన ప్లగ్గు కోయించి ఫ్యూజున్న అక్కడి ప్లగ్గు వేయించుకోవడం మేలు. అడాప్టర్ వేలాడుతూ ఉండే కంటే అది భద్రం.

ఇక్కడ నాకు కోపం తెప్పించే అలవాటు ఒకటి చెప్పాలి. మన మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న లావుపాటి పొడుగు పిన్ను ఎర్త్, మనల్ని షాక్ నుంచి కాపాడేది. అది పొడుగ్గా ఉండేది అందరికంటే ముందు తగిలి, అందరికంటే వెనక ఊడాలని. లావుగా ఉండేది పొరపాటున కరెంటు కంతలో దూరకూడదని. ఇంత ఆలోచించి పెట్టినదాన్ని మనవాళ్లు అడ్డమనుకుంటారు. ప్లగ్గు లేకపోతే తీగలు కంతల్లో పెట్టి అగ్గిపుల్లలు దూర్చే ఊరు మనది, ఆ తెలివితేటలే విమానమెక్కి పోతాయి. బ్రిటన్ తరహా సాకెట్లో కరెంటు కంతలకి లోపల తలుపులుంటాయి, ఎర్త్ పిన్ను దూరితేనే తెరుచుకుంటాయి. రెండు పిన్నుల ప్లగ్గు పట్టించడానికి పై కంతలో పెన్ను మూత గుచ్చుతారు. జర్మనీలో ఎర్త్ సాకెట్ పక్క అంచుల్లో రేకుల్లా ఉంటుంది. మన మూడు పిన్నులకి చవకబారు అడాప్టర్ తగిలిస్తే అది ఆ రేకులకి తగలనే తగలదు. మిక్సీ తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, ఎర్త్ లేదని ఎవరికీ తెలియదు. స్టీలు ఒంటి గ్రైండర్‌ని తడి చేత్తో ముట్టుకున్నప్పుడు లోపల వైరు ఎక్కడో ఒరుసుకుని ఉంటే అప్పుడు తెలుస్తుంది. అడాప్టర్ కొంటే ఎర్త్ ఉన్నదే కొనండి, నాలుగింతలు ధరైనా సరే.

కుక్కరు గురించి కూడా ఒక ముక్క. అది కరెంటు సామాను కాదు గానీ అక్కడి ఇళ్లలో ఇండక్షన్ పొయ్యిలు పెరుగుతున్నాయి. మామూలు అల్యూమినియం కుక్కరు దానిమీద ఎంతసేపు పెట్టినా వేడెక్కదు. ఫ్రిజ్జు మీద అంటించే అయస్కాంతం తీసుకెళ్లి అడుగున పెట్టి చూడండి, అతుక్కుంటే కొనండి.

అటు నుంచి ఇటు వచ్చేవాటితో ప్రమాదం ఎక్కువ. మన వేడి సామాను అక్కడ నీరసించిపోతుంది, అంతే. వాళ్ల సామాను ఇక్కడ కాలిపోతుంది. 120కి చేసినదానికి 230 తగిలితే వాట్లు మూడున్నర రెట్లు దాటిపోతాయి. మా మేనకోడలు చిత్తూరులో వాళ్ల అత్తగారికని అక్కడ కొన్న ఎలక్ట్రిక్ కుక్కరు తెచ్చింది. పిన్నులు ఎక్స్‌టెన్షన్ బాక్సులో చక్కగా దూరాయి, స్విచ్ వేశారు, ఠప్పుమంది. ఆవిడ పాపం తనే ఏదో తప్పు నొక్కిందనుకుని రెండ్రోజులు ఎవరికీ చెప్పలేదు. జుట్టు సాఫు చేసే స్ట్రెయిట్‌నర్ల లాంటి ప్రయాణపు సామానులో కొన్నిటికి రెండు వోల్టేజీలూ రాసి ఉంటాయి, అవి తేవచ్చు. ఎయిర్ ఫ్రయర్లు, కాఫీ మెషీన్లు తేవద్దు. వాటికి సరిపడే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ధరతో ఇక్కడే కొత్తది కొనుక్కోవచ్చు.

పూర్తిగా తిరిగొచ్చేసేవాళ్లు 110 వోల్టుల మిక్సీని కూడా మోసుకురాకండి. ఆ ఏడాది కొత్తగా దిగిన పిల్లలెవరికైనా కప్లర్లతో సహా ఇచ్చేసి రండి. రబ్బరు వాషర్లు మాత్రం కొత్తవి వేసి ఇవ్వండి, పాతవాటికి వెల్లుల్లి వాసన ఎన్నిసార్లు కడిగినా పోదు.